ఎండని చేప, గాయపడ్డ పిట్ట

ఈ పూట ఒక బొమ్మల సినిమా గురించి మాట్లాడతాను. పదిహేను నిమిషాల సినిమా. మాటలు లేవు. పేరు 'కూతురు'. 2019లో ప్రాగ్ నగరంలోని ఫాము అనే సినిమా కళాశాలలో చదువుకుంటూ దర్యా కష్చెయెవా తీసింది. తజికిస్తాన్‌లో పుట్టి చెక్ దేశం చేరిన మనిషి ఆవిడ. చదువులో భాగంగా చేసిన పనే అయినా, ఆ ఏడు ఫ్రాన్స్‌లోని ఆనెసీ యానిమేషన్ ఉత్సవంలో విద్యార్థి చిత్రాల్లో మొదటి బహుమతి దానికే వచ్చింది. విద్యార్థి ఆస్కార్ వచ్చింది. 2020లో అసలు ఆస్కార్ తుది జాబితా దాకా వెళ్లింది.

కథంటారా, నాలుగు ముక్కల్లో అయిపోతుంది. ఆస్పత్రి గదిలో తండ్రి మంచాన పడి ఉన్నాడు. ఎదిగిన కూతురు పక్కన ఉంది. ఇద్దరి మధ్యా ఏదో అడ్డు. కూతురికి చిన్నప్పటి సంగతి ఒకటి గుర్తొస్తుంది. గాయపడ్డ పిట్ట దొరికితే, ఆ సంగతి నాన్నతో చెప్పుకుందామని వెళ్లింది. ఆయన తన ధ్యాసలో తానున్నాడు. దగ్గరికి తీసుకోవాల్సిన సమయంలో తీసుకోలేదు. అంతే. ఆ ఒక్క క్షణం ఏళ్ల తరబడి సాగి, ఇద్దరి మధ్యా పెరిగి, ఈ ఆస్పత్రి గది దాకా వచ్చింది. అప్పుడు బయటినుంచి చిన్న పిట్ట ఒకటి వచ్చి కిటికీకి కొట్టుకుంటుంది. అద్దం పగులుతుంది.

కొట్టిన తండ్రి కాడు, తాగి వచ్చిన తండ్రీ కాడు. అయినా ఈ సినిమా చూసినవాళ్లకి లోపల ఎక్కడో మెలిపెట్టినట్టవుతుంది. నేను హైదరాబాద్‌లోని మియాపూర్‌లో పిల్లలకి బొమ్మలు వేయడం నేర్పుతాను. ఒక ఆదివారం ఆ పిల్లల తల్లిదండ్రుల్ని మాత్రమే పిలిచి, అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో గోడ మీద ఈ సినిమా వేశాను. అయిపోయి లైట్లు వేశాక కూడా ఎవరూ కుర్చీల్లోంచి లేవలేదు. కాసేపటికి ఒక్కొక్కరూ మొదలుపెట్టారు. "ఆ పిట్ట తల్లి ఆత్మ అండీ" అన్నారొకాయన. "తండ్రి ఎప్పుడో పోయాడు, ఆస్పత్రి గదంతా ఆ అమ్మాయి ఊహే" అంది టెస్టింగ్ విభాగంలో పనిచేసే ఒకమ్మాయి. "పిట్ట జీవుడు, అద్దం మాయ, అది పగిలితేనే ముక్తి" అన్నారు రెండో అంతస్తు మాస్టారు. చర్చ వేడెక్కింది. టీలు వచ్చాయి, చల్లారాయి.

అందరూ తెలివైనవాళ్లే. అందులో ఏ ఒక్క మాటనీ కొట్టిపారేయలేం. కానీ అంతసేపు సాగిన ఆ మాటల్లో, పిట్ట సంగతి చెప్పడానికి వచ్చి నిలబడ్డ ఆ చిన్నపిల్ల ఊసు ఒక్కరూ ఎత్తలేదు. పిట్ట గురించి మాట్లాడారు, అద్దం గురించి మాట్లాడారు. పిల్ల అక్కడే నిలబడి ఉండిపోయింది. ఈ ప్రసంగం రాయడానికి నన్ను కూర్చోబెట్టింది ఆ సాయంత్రమే.

మరుగున ఉన్న అర్థం వెతకడం మనకి కొత్త విద్య కాదు. ఏడు చేపల కథ వినని తెలుగు పిల్లలు ఒకప్పుడు లేరు. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్లి ఏడు చేపలు తెచ్చి ఎండబెట్టారు. ఆరు ఎండాయి, ఒకటి ఎండలేదు. ఏమంటే గడ్డిమోపు అడ్డం వచ్చింది. గడ్డిమోపునడిగితే ఆవు మేయలేదంది. ఆవు పాలేరు మీద చెప్పింది. పాలేరు అవ్వ అన్నం పెట్టలేదన్నాడు. అవ్వ పిల్లాడు ఏడ్చాడంది. పిల్లాడు చీమ కుట్టిందన్నాడు. చీమనడిగితే తన పుట్టలో వేలు పెట్టాడంది.

ఈ కథకి వేదాంతార్థం చెప్పే పెద్దలున్నారు. ఏడుగురు కొడుకులంటే సప్తధాతువులు, ఎండని చేప అంటే మనసు, గడ్డిమోపు అజ్ఞానం, ఆవు జ్ఞానం, పాలేరు గురువు. పిల్లాడి ఏడుపుకీ తత్త్వం చెబుతారు. వినడానికి బాగుంటుంది. నాకూ ఇష్టమే. అయితే ఆ అర్థం పూర్తయ్యేసరికి కథలో నిజంగా ఏడుస్తున్న పిల్లాడు కనబడడు. వేలు వాచి, ముక్కు కారుతూ, అవ్వ చీర కొంగు పట్టుకుని ఉన్న పిల్లాడు తత్త్వంలో కలిసిపోతాడు.

ఆ తత్త్వాన్ని ఒక్క నిమిషం పక్కన పెట్టి, కథని ఉన్నదున్నట్టు వినండి. అవ్వ పాలేరుకి అన్నం ఎందుకు పెట్టలేదు? పిల్లాడు ఏడుస్తున్నాడు కనక. పాలేరు ఆకలితో కూర్చున్నా, ఆవు మేతకి పోకపోయినా, రాజుగారి కొడుకులు తెచ్చిన చేప తడిగానే ఉండిపోయినా, ఆవిడ చేతిలో పని వదిలేసి పిల్లాడి దగ్గర ఉండిపోయింది. ఇంకొకటి. చేప మొదలుకుని అందర్నీ అడుగుతూ వచ్చినవాళ్లు చివరికి పిల్లాణ్ణి కూడా అడిగారు, ఎందుకేడ్చావని. పిల్లాడు చెప్పాడు, వాళ్లు విన్నారు. చేప ఎండకపోవడం ఆ కథలో కష్టమే, సందేహం లేదు. ఆ కష్టం ఎందుకొచ్చింది? ఒక మనిషి పిల్లాడి కోసం ఆగిపోయింది, అందుకు.

కష్చెయెవా సినిమాలో అవ్వ లేదు. ఆగిపోయిన మనిషి లేడు. ఆ ఇంట్లో ఏడు చేపలూ ఎండాయి.

మన మియాపూర్‌లోనూ చేపలన్నీ ఎండుతున్నాయి. ఇది నిష్ఠూరంగా అనడం లేదు, రోజూ చూస్తున్నాను కనక అంటున్నాను. 2017 నవంబరు 28న మెట్రో మొదలైంది మా స్టేషన్ నుంచే. మియాపూర్ నుంచి నాగోలు దాకా 30 కిలోమీటర్లు. ఎర్రలైనుకి ఈ కొస మాది. కానీ హైటెక్ సిటీ మాకు కూతవేటు దూరంలో ఉన్నా, మెట్రోలో వెళ్లాలంటే అమీర్‌పేట దాకా చుట్టు తిరిగి రైలు మారాలి. అందుకని చాలామంది హఫీజ్‌పేట, కొత్తగూడల మీదుగా బండి మీద ట్రాఫిక్‌లో పడి వెళతారు. సాయంత్రం ఇల్లు చేరేసరికి అమెరికాలో తెల్లవారుతుంది. కాల్స్ మొదలవుతాయి. భార్యాభర్తలిద్దరూ రెండు గదుల్లో రెండు హెడ్‌సెట్లు పెట్టుకుని కూర్చుంటారు. పిల్ల హాల్లో ఉంటుంది. ఫ్లాట్ వాయిదా కట్టాలి, స్కూలు ఫీజు కట్టాలి, ఊళ్లో అమ్మానాన్నల మందులకి పంపాలి. వాళ్లు చెప్పే కారణాలు గడ్డిమోపు చెప్పినంత నిజం, ఆవు చెప్పినంత నిజం. వాళ్లని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. 'కూతురు' సినిమాలో తండ్రిని కూడా దర్శకురాలు తప్పు పట్టదు. కలవరపెట్టేది అదే. దుర్మార్గుడు ఒకడుంటే వాడి మీద కోపం తెచ్చుకుని ఇంటికి పోవచ్చు. ఇక్కడ కోపం తెచ్చుకోవడానికి ఎవరూ దొరకరు. అందుకే మా హాల్లో కూర్చున్నవాళ్లు ఆత్మనీ మాయనీ పట్టుకున్నారని నాకనిపిస్తుంది.

అలాగని బొమ్మల సినిమాలో అర్థం వెతకడం తప్పని నేననను. మామూలు సినిమా కంటే దీనిలోనే ఎక్కువ వెతకాలి. మామూలు షూటింగ్‌లో ఎవరో వదిలేసిన కుర్చీ ఫ్రేములో పడొచ్చు, కిటికీలోంచి పోయే ఆటో కనబడొచ్చు. దర్శకుడు అనుకోకుండానే వచ్చేస్తాయి. బొమ్మల సినిమాలో ఏదీ దానంతటది రాదు. కుర్చీ కావాలంటే కుర్చీ చేయాలి. దుమ్ము కావాలంటే దుమ్ము చల్లాలి. సెకనుకి 24 ఫ్రేములు. బొమ్మని వెంట్రుకవాసి కదిపి ఒక ఫొటో, మళ్లీ కదిపి మరో ఫొటో. ఇంత శ్రమపడి ఒక వస్తువుని అక్కడ పెట్టారంటే, ఎందుకు పెట్టారని అడగడం న్యాయం. ఆ ప్రశ్న ఎదురుగా ఉన్న వస్తువు దగ్గర మొదలవ్వాలి. మన బుర్రలో ముందే తయారుగా ఉన్న సిద్ధాంతం దగ్గర మొదలైతే, ఏ సినిమా చూసినా అదే అర్థం వస్తుంది.

'కూతురు'లో రెండు సంగతులు గమనించండి. మొదటిది కళ్లు. తోలుబొమ్మకైనా, కొయ్యబొమ్మకైనా కన్ను ఒకసారి వేస్తే అయిపోయింది. ఈ సినిమాలో బొమ్మల కళ్లు ముఖం మీద రంగుతో వేసినవి. చూపు కదలాలంటే, రెప్ప పడాలంటే, ఆ కన్ను మళ్లీ వేయాలి. అంటే ఆ తండ్రి కూతురివైపు చూడని ప్రతి క్షణాన్నీ ఒక మనిషి కుంచె పట్టుకుని, ఎటు చూడాలో నిర్ణయించి వేసింది. నిజజీవితంలో మనం పిల్లల్ని చూడకపోవడం పరధ్యానంలో జరిగిపోతుంది. అక్కడ అది చేత్తో చేసిన పని. తెర మీద అంత బరువు దానికి అందుకే వచ్చింది.

రెండోది కెమెరా. స్టాప్ మోషన్ సినిమాల్లో కెమెరా సాధారణంగా స్టాండు మీద బుద్ధిగా కూర్చుంటుంది. ఇందులో ఊగుతుంది, తడబడుతుంది, మనిషి చేత్తో పట్టుకుని వెంటపడినట్టు ఉంటుంది. బొమ్మని కదిపినప్పుడల్లా కెమెరాని కూడా కాస్త జరిపితే తప్ప అలా రాదు. ఆ పాట్లన్నీ పడింది మనల్ని ఆ గదిలోకి తీసుకెళ్లి నిలబెట్టడానికి. మనం పక్కనే ఉంటాం, చూస్తూ ఉంటాం, పిల్లని దగ్గరికి తీసుకోలేం. మా హాల్లో లైట్లు వేశాక కూడా ఎవరూ లేవకపోవడానికి కారణం ఈ కెమెరాలో ఉంది. పిట్ట ఎవరి ఆత్మ అన్న ప్రశ్న దాకా పోనక్కర్లేదు.

ఆ ఏడు ఆస్కార్ 'కూతురు'కి రాలేదు. 'హెయిర్ లవ్' అనే అమెరికా సినిమాకి వచ్చింది. అది కూడా తండ్రీకూతుళ్ల కథే. కూతురి ఉంగరాల జుట్టు దువ్వడం రాని తండ్రి, కుస్తీపట్టి నేర్చుకుంటాడు. ఒకే పోటీలో అటు జుట్టు దువ్వే తండ్రి, ఇటు కూతురివైపు ముఖం తిప్పని తండ్రి. వీలైతే రెండూ ఒకే రోజు చూడండి. నేను మాత్రం 'కూతురు' ముందు చూసి, తర్వాత రెండోది చూడమంటాను.

'కూతురు' కంటే భయపెట్టే సినిమా ఒకటుంది. జపాన్‌లో టొమోకి మిసాతో అనే దర్శకుడు 2018లో తీసిన 'మై లిటిల్ గోట్'. తోడేలూ ఏడు మేకపిల్లలూ అని గ్రిమ్ సోదరుల కథ ఉంది కదా, అది అయిపోయిన చోట ఇది మొదలవుతుంది. తోడేలు పొట్ట కోసి తల్లిమేక పిల్లల్ని బయటికి తీస్తుంది. అప్పటికే వాళ్లు సగం అరిగి, రూపు చెడి ఉంటారు. ఒక బిడ్డ మిగలనే లేదు. ఆ లోటు భరించలేక తల్లిమేక ఒక మనిషి పిల్లాణ్ణి ఎత్తుకొచ్చి, నువ్వే నా బిడ్డవంటుంది. తర్వాత పిల్లాణ్ణి వెతుక్కుంటూ తండ్రి వస్తాడు. ఆయన ఎలాంటివాడో తెలిశాక, అసలు తోడేలు ఎవరో మనకి తెలుస్తుంది. మెత్తటి ఉన్ని బొమ్మలతో ఇంత కటువైన సంగతి చెప్పారు. పిల్లలకి చూపించకండి, పెద్దవాళ్లే చూడండి. దీని మీద జనం తెగ వాదించుకుంటారు. తల్లిమేక మంచిదా, పిచ్చిదా? ఆ ఇల్లు రక్షణా, జైలా? నాకు ఆ ప్రశ్నలకంటే ఒకటే ముఖ్యం. ఆ పిల్లాడికి సొంత ఇంట్లో ఏం దొరికింది, మేకల ఇంట్లో ఏం దొరికింది? ఈ ప్రశ్న వదలకుండా పట్టుకుంటే మిగతా గుర్తులన్నీ వాటంతటవే చోటు వెతుక్కుంటాయి.

నిర్లక్ష్యం పిల్లలకే జరగాలని ఏముంది? 2006లో గీతాంజలి రావు తీసిన 'ప్రింటెడ్ రెయిన్‌బో' కేన్స్‌లో విమర్శకుల వారోత్సవంలో బహుమతులు అందుకుంది. ఫ్రేము ఫ్రేమూ ఆవిడే రంగులు వేసుకున్నారు. నగరంలో ఒక ఫ్లాటు, అందులో ఒక ముసలావిడ, తోడుగా పిల్లి. ఆవిడ దగ్గర అగ్గిపెట్టెల బొమ్మలు పోగుచేసి ఉంటాయి. ఫ్లాటంతా బూడిదరంగులో ఉంటుంది. అగ్గిపెట్టె బొమ్మలోకి వెళితే లోకమంతా రంగులే. జ్ఞాపకాలని కొందరు, పరలోకమని కొందరు అర్థం చెప్పుకోవచ్చు. మా మియాపూర్‌లో, మదీనాగూడలో, చందానగర్‌లో పిల్లలు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పెద్దవాళ్లు ఎంతమందో. వాళ్లకి ఆ సినిమా చూపిస్తే అర్థం అడగరు. ఆ గది వాళ్లకి తెలుసు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. సినిమాల్లో గుర్తులు చదవడం అలవాటైతే, ఇంట్లో పిల్లలు వేసిన బొమ్మల్ని కూడా జాతకం చూసినట్టు చూడాలనిపిస్తుంది. నా తరగతిలో "మీ ఇంట్లో సాయంత్రం" అని వేయమంటే, ఒక పిల్లాడు అమ్మని వీపువైపు నుంచి వేశాడు. తల మీద హెడ్‌సెట్, దాని పక్కన అమ్మకంటే పెద్ద లాప్‌టాప్. లాప్‌టాప్‌కి ఒక్కొక్క మీటా వేశాడు, వాటి మీద అక్షరాలు కూడా. నా గుండె గతుక్కుమంది. కానీ వెంటనే ఆ అమ్మకి ఫోన్ చేయలేదు. పిల్లాడి పక్కన కూర్చుని, ఇదేంట్రా నాన్నా అని అడిగాను. లాప్‌టాప్ వేయడం తనకి బాగా వచ్చని, ముఖాలు సరిగ్గా రావని, అందుకే అమ్మని అటు తిప్పి వేశానని చెప్పాడు. ఆ మాట నిజమే, వాడికి ముక్కులు రావు. కాసేపాగి, కాల్ అయ్యేదాకా మాట్లాడకూడదు కదా అని కూడా అన్నాడు. రెండు మాటలూ వాడివే. ఒకటి విని రెండోది వదిలేసి ఉంటే నేను తెలుసుకున్నది సగమే అయ్యేది.

చట్టం చూసే నిర్లక్ష్యం వేరు. 2015 నాటి బాలల న్యాయ చట్టంలో 75వ సెక్షన్ ఉంది. పిల్లల్ని చూసుకోవాల్సినవాళ్లు, వాళ్లకి అనవసరమైన బాధ కలిగేలా కావాలని నిర్లక్ష్యం చేస్తే శిక్ష పడుతుంది. తల్లిదండ్రుల పోషణకి 2007 నాటి చట్టం ఉంది. పక్క ఫ్లాట్‌లో పిల్లలు తిండి లేకుండానో దెబ్బలు తింటూనో ఉన్నారని మీకు తెలిస్తే, ఇరవై నాలుగు గంటలూ 1098కి ఫోన్ చేయొచ్చు. పెద్దవాళ్ల విషయంలో 14567. ఆ నంబర్లు ఇంట్లో అందరికీ కనబడేచోట రాసి పెట్టుకోండి. ఇక కష్చెయెవా చూపించిన తండ్రి మీద ఏ సెక్షనూ పనిచేయదు. తిండి పెట్టాడు, గుడ్డ ఇచ్చాడు, చదివించాడనే అనుకుందాం. పిట్ట సంగతి వినలేదు, అంతే. అక్కడ పోలీసు చేసేదేమీ లేదు. అది కనబడేది సినిమాకే, కథకే.

అందుకే నాకొక కోరిక ఉంది. మన నగరంలో బొమ్మలు కదిలించగల చేతులకి కొరత లేదు. దేశమంతా పిల్లలు చూసే 'ఛోటా భీమ్'ని 2008 నుంచి తయారుచేస్తున్నది హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ సంస్థే, రాజీవ్ చిలక గారిది. ఆ ఢోలక్‌పూర్ ఊరు చూడండి. తలుపులు మూసిన ఇల్లుండదు. టున్‌టున్ మౌసి కొట్టులో లడ్డూలుంటాయి, వీధినిండా స్నేహితులుంటారు. పిల్లలకి అది అంత ఇష్టం కావడంలో నాకు ఆశ్చర్యం లేదు. బయటి దేశాల సీరియళ్లకి కూడా ఈ నగరంలో ఎందరో యానిమేటర్లు ఏళ్ల తరబడి ఫ్రేములు గీశారు. పరాయి ఊళ్ల కథలు అంత బాగా గీసినవాళ్లు మా ఇళ్ల కథ గీయలేరా? మాసాబ్ ట్యాంక్‌లోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో యానిమేషన్ చదువుకునే పిల్లలున్నారు. ప్రాగ్‌లో ఒక విద్యార్థిని చేసిన పని మాసాబ్ ట్యాంక్‌లో ఒక విద్యార్థి చేయలేడని నేననుకోను.

చేయాలనుకునేవాళ్లకి ఒక్క విన్నపం. సెట్ కట్టేముందు కెమెరాని పిల్ల ఎత్తుకి, మూడడుగులకి దించి, ఒక నిజమైన ఫ్లాట్‌లో తిరిగి చూడండి. డైనింగ్ టేబుల్ అడుగుభాగం కనబడుతుంది. లాప్‌టాప్ మూత వెనకవైపు కనబడుతుంది. పెద్దవాళ్ల మోచేతులు, ఛార్జర్ తీగలు, తలుపు గొళ్లెం కనబడతాయి. పెద్దవాళ్ల ముఖం కనబడాలంటే వాళ్లే వంగాలి. ఆ ముఖం ఎన్నో ఫ్రేములో కిందికి వంగాలో ముందే నిర్ణయించుకుని, అక్కడినుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ సినిమా మొదలుపెట్టండి.